పని ఊరిదైనప్పుడు పద్దు ఎవరిది?

కోవిడ్ మన ఊళ్ళలోకి అడుగుపెట్టిన 2020 మార్చి నాటికి ఆంధ్రప్రదేశ్‌లోని పదమూడు వేలకు పైగా గ్రామ పంచాయతీలలో దాదాపు ఎక్కడా ఎన్నికైన పాలకవర్గం లేదు. 2013లో గెలిచిన సర్పంచుల గడువు 2018 ఆగస్టు మొదట్లోనే తీరిపోయింది. ఆ తర్వాత రెండున్నరేళ్ళు, అంటే లాక్‌డౌన్ కాలమంతా, మొదటి ఉధృతి అంతా, ఊరి పద్దుల మీద సంతకాలు పెట్టింది ప్రత్యేకాధికారులు. పట్టణాలదీ అదే కథ. ఎక్కువ పురపాలక సంఘాలకు 2019 జులైలో గడువు ముగిస్తే, మళ్ళీ కౌన్సిళ్ళు కొలువుతీరింది 2021 మార్చిలో. వందేళ్ళలో చూడని ప్రజారోగ్య విపత్తును మనం స్థానిక ప్రభుత్వమన్నదే లేకుండా ఎదుర్కొన్నాం. ఆసుపత్రి పడకల గురించి, ఆక్సిజన్ గురించి, టీకాల గురించి ఎన్నో చర్చలు జరిగాయి, జరగవలసినవే. ఊరి బడ్జెట్‌ను ఆ రోజుల్లో ఎవరు వేశారు, ఎవరిని అడిగి వేశారు అన్న ప్రశ్న మాత్రం ఎక్కడా వినిపించలేదు. ఆ ప్రశ్న అడగకపోవడం వల్ల మనం నష్టపోయామని, ఇంకోసారి విపత్తు వస్తే మళ్ళీ అలాగే నష్టపోతామని నేను గట్టిగా నమ్ముతున్నాను.

నేను స్థానిక సంస్థల ఆడిట్‌లో పనిచేసి రిటైరైనవాణ్ణి. నా ఉద్యోగ జీవితమంతా పంచాయతీ క్యాష్ బుక్కుల మధ్య, వోచర్ల కట్టల మధ్య, తీర్మానాల పుస్తకాల మధ్య గడిచింది. బయటివాళ్ళకు అవి ఎండిపోయిన కాగితాలు. చదవడం అలవాటైనవాడికి మాత్రం ఊరి చరిత్ర అంతా అందులోనే కనిపిస్తుంది. ఏ ఏడాది మంచినీటి చెరువు ఎండిందో, ఏ ఏడాది తుఫాను వచ్చిందో, ఏ వీధికి సిమెంటు రోడ్డు పడి ఏ వీధికి పడలేదో పద్దులే చెబుతాయి. ఒక ఖర్చుకు వోచరు ఉండి తీర్మానం లేకపోతే, డబ్బు ఎంత పోయిందో తెలుస్తుంది గానీ ఆ డబ్బును దానికే ఎందుకు వాడాలనుకున్నారో తెలియదు. ప్రత్యేకాధికారుల కాలపు పుస్తకాలలో తీర్మానాలు ఉంటాయి, కాదనను. అధికారి తానే ప్రతిపాదించి తానే ఆమోదించిన తీర్మానం అది. ఎదురు అడిగిన వార్డు మెంబరు ఒక్కడూ అందులో కనిపించడు.

2020 మార్చిలో జరిగినది ఒకసారి గుర్తు చేసుకోవాలి. మార్చి 7న రాష్ట్ర ఎన్నికల సంఘం మండల, జిల్లా పరిషత్తులకు, మునిసిపాలిటీలకు, పంచాయతీలకు ఎన్నికల షెడ్యూలు ప్రకటించింది. మార్చి 15న కోవిడ్ కారణంగా ఆరు వారాలు వాయిదా వేస్తున్నామని కమిషనరు నిమ్మగడ్డ రమేశ్ కుమార్ ప్రకటించారు. రాష్ట్ర ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. మార్చి 18న వాయిదాలో జోక్యం చేసుకోబోమని, ఎన్నికల నియమావళిని మాత్రం ఎత్తివేయాలని కోర్టు చెప్పింది. ఆ తర్వాత ఆర్డినెన్సు, కమిషనరు మార్పు, హైకోర్టు తీర్పు, పునర్నియామకం, ఇలా సాగిన వివాదంలో ఎవరి పక్షం వారు తీసుకున్నారు. నాకు తోచినంతవరకు ఆ మార్చిలో వాయిదా వేయడం సరైన పనే. తప్పు అంతకు పందొమ్మిది నెలల ముందు జరిగింది. రాజ్యాంగంలోని 243-ఇ అధికరణం ఐదేళ్ళ గడువు తీరేలోపే ఎన్నికలు జరగాలని చెబుతుంటే, 2018 ఆగస్టు నుంచి రెండు వేర్వేరు పార్టీల ప్రభుత్వాలు ఆ పని చేయకుండా కాలం గడిపాయి. మామూలు కాలంలో ఆ ఆలస్యం ఎవరికీ నొప్పి పుట్టించలేదు. మహమ్మారి వచ్చిపడ్డాక దాని ఫలితం బయటపడింది.

ఆ ఆలస్యానికి డబ్బు రూపంలోనూ మూల్యం ఉంది. 2015 నుంచి 2020 వరకు అమల్లో ఉన్న పద్నాలుగో ఆర్థిక సంఘం దేశంలోని గ్రామ పంచాయతీలకు మొత్తం 2,00,292 కోట్ల రూపాయలు సిఫారసు చేసింది. ఆ నిధి సక్రమంగా ఎన్నికైన పంచాయతీలకే చెందాలన్నది అందులోని షరతు. పాలకవర్గాలు లేని కారణంగా మన రాష్ట్రానికి చివరి విడతలు నిలిచిపోయాయి. 2020 మార్చి 31తో ఆ సంఘం కాలపరిమితి ముగిసిపోతుందన్న భయమే ఆ నెలలో ఎన్నికల కోసం పడిన తొందరకు ఒక కారణం. అంటే సరిగ్గా ఊరికి డబ్బు అత్యవసరమైన నెలలో ఊరి ఖాతాకు రావలసిన డబ్బు ఢిల్లీలో ఆగి ఉంది.

పంచాయతీకి మార్చి నెల అంటే ఏమిటో తెలియనివారికి ఇంకో సంగతి చెప్పాలి. ఇంటి పన్ను, నీటి పన్ను ఏడాది పొడవునా వసూలవుతాయని కాగితం మీద ఉంటుంది. నిజానికి ఫిబ్రవరి, మార్చి నెలల్లో, అందులోనూ మార్చి చివరి పది రోజుల్లో, కార్యదర్శి, బిల్లు కలెక్టరు గడప గడపకూ తిరిగితేనే డిమాండ్ రిజిస్టరులో జమ కాలమ్ నిండుతుంది. ధాన్యం డబ్బు, మినుము డబ్బు చేతికొచ్చే కాలం కూడా అదే. 2020లో మార్చి 22న జనతా కర్ఫ్యూ, 24 అర్ధరాత్రి నుంచి దేశమంతటా లాక్‌డౌన్. వసూళ్ళు ఉధృతంగా సాగవలసిన వారం సరిగ్గా ఆ వారమే. సంత ఆశీలు, చేపల చెరువుల లీజు, మార్కెట్ కొట్ల అద్దెలు పాడుకునే వేలం పాటలూ ఆ నెలలోనే జరుగుతాయి. సంతే లేనప్పుడు పాట ఎవరు పాడతారు? పాతపాట పాడినవాడు సొమ్ము తగ్గించమని అర్జీ పెట్టుకున్నాడు, అది న్యాయమైన అర్జీ. రిజిస్ట్రేషన్లు ఆగిపోయాయి గనుక స్టాంపు డ్యూటీ సర్‌చార్జి వాటా ఆగిపోయింది. ఇసుక, మట్టి తవ్వకాలు నిలిచిపోయాయి గనుక వాటి మీద వచ్చే రుసుము, సీనరేజి, రాలేదు. పంచాయతీ సాధారణ నిధికి నీళ్ళు వచ్చే కాలువలన్నీ ఒకే వారంలో మూతపడ్డాయి.

ఖర్చు మాత్రం ఆ వారం నుంచే పెరిగింది. కృష్ణా డెల్టాలోని మా ఊళ్ళో ఆ ఏప్రిల్‌లో జరిగిన పని నా కళ్ళతో చూశాను. పంచాయతీ ఆఫీసు ముందు నీలిరంగు ప్లాస్టిక్ డ్రమ్ములో సోడియం హైపోక్లోరైట్ కలిపారు. వరి చేలకు పురుగుమందు కొట్టే తైవాన్ స్ప్రేయర్లు రైతుల దగ్గర అడిగి తెచ్చి, పారిశుద్ధ్య కార్మికులిద్దరు వీపున కట్టుకుని వీధులన్నీ తిరిగారు. ముక్కుకు తుండుగుడ్డ తప్ప వాళ్ళకు వేరే రక్షణ లేదు. సాయంత్రానికి వాళ్ళ చేతివేళ్ళ చర్మం తెల్లగా పాలిపోయి ఉండేది. బ్లీచింగ్ బస్తాలు అప్పు మీద వచ్చాయి. స్ప్రేయర్లకు పెట్రోలు కార్యదర్శి సొంత డబ్బు. ఆమె కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయి, గట్టిగా పాతికేళ్ళుంటాయి. ఒక సాయంత్రం రశీదుల కాగితాలన్నీ రబ్బరు బ్యాండు వేసి పట్టుకొచ్చి, "సార్, ఇవన్నీ ఏ పద్దు కింద రాయాలి? బడ్జెట్‌లో వీటికి హెడ్డే లేదు" అని అడిగింది. బడ్జెట్ తెప్పించి చూశాను. పోయిన ఏడాది అంకెలకు అన్ని పద్దుల కింద పది శాతం కలిపి వేసిన బడ్జెట్ అది. ఆదాయం పది శాతం పెరుగుతుందని, పారిశుద్ధ్యానికి పది శాతం ఎక్కువ పెడతామని అందులో ఉంది. అధికారి సంతకం ఉంది. ఆ అధికారికి మా ఊరితో పాటు ఇంకా కొన్ని పంచాయతీలు ఉన్నాయి, తన శాఖ అసలు పని వేరే ఉంది. లాక్‌డౌన్‌లో ఆయనకు క్వారంటైన్ కేంద్రం డ్యూటీ కూడా వేశారు. ఆయన్ని నిందించే ఉద్దేశం నాకు లేదు. ఏ మనిషైనా అంతకు మించి చేయలేడు.

ఆ సమయంలో ఒక పాలకవర్గం ఉండి ఉంటే ఏం జరిగేది? ఊరి సమావేశంలో పది, పన్నెండు మంది కూర్చుని, రాబడి సగానికి పడిపోతుందని ఒప్పుకుని, సిమెంటు రోడ్డుకు, పంచాయతీ ఆఫీసు ప్రహరీకి పెట్టిన కేటాయింపు తీసేసి, ఆ డబ్బును బ్లీచింగుకు, కార్మికుల చేతితొడుగులకు, బయటి ఊళ్ళనుంచి తిరిగొచ్చినవాళ్ళను ఉంచిన బడిలో మరుగుదొడ్ల మరమ్మతుకు మార్చేవాళ్ళు. సవరించిన బడ్జెట్ అంటే అదే. అందులో పెద్ద శాస్త్రమేమీ లేదు. ఏది ఆపాలి, ఏది ఆపకూడదు అన్న నిర్ణయం మాత్రం ఊళ్ళో ఉండేవాడే తీసుకోగలడు. ఏ వీధి కుళాయికి నీళ్ళు రావో, ఏ ఇంట్లో ముసలివాళ్ళు ఒంటరిగా ఉన్నారో, ఏ పేటలో వారం రోజులుగా కూలి లేదో వార్డు మెంబరుకు తెలిసినంతగా మండల కేంద్రం నుంచి వచ్చి సంతకం పెట్టి వెళ్ళే అధికారికి తెలియదు. ఆ కాలంలో గ్రామ వాలంటీర్లు, ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు ఇంటింటి సర్వేలు చేశారు, గొప్పగా చేశారు. వాళ్ళు సేకరించిన సమాచారం పై అధికారులకు వెళ్ళింది. ఊరి డబ్బు ఎక్కడ ఖర్చు పెట్టాలో తేల్చే బల్ల దగ్గరికి ఆ సమాచారం రాలేదు, ఎందుకంటే అలాంటి బల్లే లేదు.

చట్టం కూడా ఈ లోటును పూడ్చేలా లేదు. మహమ్మారిని మనం ఎదుర్కొన్నది 1897 నాటి అంటువ్యాధుల చట్టంతో, 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టంతో. రెండోదానిలో 41వ సెక్షను స్థానిక సంస్థలకు కొన్ని విధులు అప్పగించింది. సిబ్బందికి తర్ఫీదు ఇవ్వాలి, వనరులను సిద్ధంగా ఉంచుకోవాలి, సహాయక చర్యలు చేపట్టాలి అంటుంది, అదీ జిల్లా యంత్రాంగం ఆదేశాలకు లోబడి. వాటికయ్యే డబ్బు ఎక్కడినుంచి రావాలో మాత్రం పంచాయతీకి చెప్పదు. రాష్ట్ర విపత్తు నిధి జిల్లా కలెక్టరు దాకా వచ్చి ఆగుతుంది. కింద ఉన్న పంచాయతీకి ఆదేశం వస్తుంది, వాట్సాప్‌లో ఫొటో పెట్టమన్న సందేశం వస్తుంది, నిధి రాదు. రాజ్యాంగం పదకొండో షెడ్యూలులో ఆరోగ్యం, పారిశుద్ధ్యం సహా 29 అంశాలను పంచాయతీలకు బదిలీ చేయదగినవిగా రాసుకున్న దేశంలో ఈ ఏర్పాటు చాలా అన్యాయమైనది.

ఇక్కడ మా శాఖ వైపు నుంచి ఒక మాట చెప్పడం అవసరం. ప్రత్యేకాధికారులు డబ్బు ఉన్నచోట కూడా ఖర్చు పెట్టడానికి వెనకాడారు, దానికి ఆడిట్ భయం పెద్ద కారణం. మూడు కొటేషన్లు ఏవి, స్టాక్ రిజిస్టరు ఏది, ముందస్తు ఆమోదం ఏది అని రెండేళ్ళ తర్వాత వచ్చే అభ్యంతరం ఆ అధికారి పెన్షను కాగితాల దాకా వెంటాడుతుంది. లాక్‌డౌన్‌లో మూడు కొటేషన్లు ఎక్కడ దొరుకుతాయి? తెరిచి ఉన్న కొట్టే ఒకటి. ఎన్నికైన పాలకవర్గానికి ఈ ఇబ్బంది తక్కువ. పదిమంది కూర్చుని, ఫలానా అత్యవసర కారణం చేత ఫలానా ధరకు కొంటున్నామని కారణం రాసి తీర్మానం చేస్తే, ఏ ఆడిటరైనా ఆ కారణాన్ని తూకం వేయగలడు. ఉద్యోగి ఒంటరిగా తీసుకున్న నిర్ణయానికి ఆ అండ ఉండదు. కాబట్టి అధికారి చేతిలో పెడితే డబ్బు భద్రంగా ఉంటుందన్నది సగం నిజమే. అత్యవసరంలో ఆ డబ్బు ఖాతాలో భద్రంగా మిగిలిపోవడం కూడా నష్టమే.

ఇలా కాక ఇంకోలా చేయడం సాధ్యమేనని ఇతర రాష్ట్రాలు చూపించాయి. 2020 ఏప్రిల్‌లో ఒడిశా ప్రభుత్వం సర్పంచులకు వాళ్ళ ఊరి హద్దుల్లో కలెక్టరుకుండే అధికారాలు ఇచ్చింది. సూరత్ నుంచి, కేరళ నుంచి తిరిగొచ్చిన లక్షలాది కార్మికులను పంచాయతీ స్థాయి శిబిరాలలో ఉంచే పని వాళ్ళకే అప్పగించింది. శ్రీకాకుళం జిల్లా సరిహద్దు దాటితే గంజాం. అటువైపు ఊళ్ళో సర్పంచి ఆదేశం ఇస్తుంటే, ఇటువైపు ఊళ్ళో కార్యదర్శి మండలానికి ఫోను చేసి అడుగుతూ ఉండవలసి వచ్చింది. కేరళలో లాక్‌డౌన్ మొదలైన వారంలోనే పంచాయతీలు, మునిసిపాలిటీలు కుటుంబశ్రీ అనే స్వయం సహాయక సంఘాల మహిళలతో కలిసి సామూహిక వంటశాలలు తెరిచాయి. మొదటి అంచె చికిత్స కేంద్రాలను నడిపే బాధ్యత కూడా స్థానిక సంస్థలే తీసుకున్నాయి. అక్కడ 1996లో జన ప్రణాళిక ఉద్యమం నాటి నుంచి రాష్ట్ర ప్రణాళికా వ్యయంలో పెద్ద వాటా నేరుగా స్థానిక సంస్థలకు వెళుతోంది. ఏటేటా ఆ డబ్బుతో పద్దులు వేసుకుని, తప్పులు చేసి, దిద్దుకుని వచ్చిన అలవాటు ఆ రోజుల్లో పనికొచ్చింది. పైగా 2020 డిసెంబరులో, కోవిడ్ ఇంకా ఉండగానే, రోగులకు ప్రత్యేక పోస్టల్ బ్యాలెట్లు ఇచ్చి మూడు విడతల్లో స్థానిక ఎన్నికలు జరిపించారు.

తెలంగాణ విషయం వేరు, అక్కడ పరిస్థితి మనకన్నా నయం. 2019 జనవరిలో పంచాయతీ ఎన్నికలు జరిగాయి గనుక సర్పంచులు ఉన్నారు. పల్లె ప్రగతి పథకం కింద నెలనెలా పంచాయతీలకు నిధులు వస్తున్నాయి. దాదాపు ప్రతి ఊరికీ ట్రాక్టరు, ట్రాలీ, ట్యాంకరు ఉన్నాయి గనుక హైపోక్లోరైట్ చల్లడానికి ఎవరి స్ప్రేయరూ అడగవలసిన పని రాలేదు. నెలకింత అని ముందే తెలిసిన నిధి ఉంటే చిన్న పంచాయతీ కూడా ధైర్యంగా మనుషులను పెట్టుకుంటుంది. ఈ మేలు ఒప్పుకోవలసిందే. కానీ ట్రాక్టరు కొనాలని, నర్సరీ పెట్టాలని, డంపింగ్ యార్డు, వైకుంఠధామం అనే శ్మశానవాటిక, ప్రకృతి వనం కట్టాలని తేల్చింది హైదరాబాదు. మూడు, నాలుగు వందల గడప ఉన్న ఊరు కూడా ట్రాక్టరు వాయిదా, డీజిలు, డ్రైవరు జీతం పోగా మిగిలినదానితోనే మహమ్మారిని నెట్టుకురావలసి వచ్చింది. బడ్జెట్‌లో మొదటి వరసలన్నీ పైనుంచే నింపి వచ్చినప్పుడు పాలకవర్గం తేల్చగలిగింది చివరి వరసలే.

2021కి వద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ ఎన్నికలు ఎట్టకేలకు ఆ ఫిబ్రవరి 9, 13, 17, 21 తేదీల్లో నాలుగు విడతలుగా జరిగాయి. కొత్త సర్పంచులు ఏప్రిల్ మొదటి వారంలో ప్రమాణం చేశారు. అప్పటికే రెండో ఉధృతి తలుపు తడుతోంది. చాలామందికి ఇంకా చెక్ పవర్ రాలేదు, చెల్లింపులకు కావలసిన డిజిటల్ సంతకాల కీలు రాలేదు, బడ్జెట్ అంటే ప్రత్యేకాధికారి వేసి వెళ్ళినదే. మే నెలలో కేంద్రం ఒక మంచి పని చేసింది. జూన్‌లో ఇవ్వవలసిన పదిహేనో ఆర్థిక సంఘం విడతను ముందుకు జరిపి, 25 రాష్ట్రాలకు 8,923.8 కోట్లు విడుదల చేసింది. పంచాయతీల లెక్కలు ఆన్‌లైన్‌లో పెట్టి ఉండాలన్న షరతును కూడా ఆ విడతకు పక్కన పెట్టింది. లెక్కలు బయటపెట్టాలన్న షరతు మీద నాకెంత గౌరవమున్నా, శవాలు మోసుకెళ్ళడానికి మనుషులు దొరకని నెలలో దాన్ని పట్టుకుని కూర్చోకపోవడమే సరైన నిర్ణయమని ఆడిటరుగానే చెబుతున్నాను. పైగా ఆ విడత ఏ పనికీ ముడిపెట్టని నిధి, అంటే ఊరు తన అవసరం చూసుకుని ఖర్చు పెట్టుకోదగినది.

ఆ ఏడాది చివరికి వచ్చేసరికి రాష్ట్రమంతటా సర్పంచులు తమ ఖాతాలు చూసుకుంటే నిల్వలు ఖాళీ. పంచాయతీలు విద్యుత్ పంపిణీ సంస్థలకు పడిన కరెంటు బకాయిల కింద ఆర్థిక సంఘం నిధులను సర్దుబాటు చేశామని ప్రభుత్వం చెప్పింది. వీధిదీపాల, మంచినీటి మోటార్ల బకాయిలు నిజమైన బకాయిలే, పంపిణీ సంస్థలు కూడా జీతాలివ్వాలి, బొగ్గు కొనాలి. ఆ అప్పు తీర్చవద్దని నేను అనను. కానీ రెండున్నరేళ్ళు అధికారుల పాలనలో పెరిగిన బకాయిని, కొత్తగా గెలిచినవాళ్ళ ఖాతాలోంచి, వాళ్ళు ఒక్క సమావేశంలోనూ తీర్మానం చేయకుండానే పైనుంచి లాగేసుకుంటే, ఇక ఆ పంచాయతీ బడ్జెట్‌కు విలువేమిటి? బకాయి ఎంతో బిల్లు చూపించి, ఏడాదికింత చొప్పున కట్టేలా ఊళ్ళతో ఒప్పందం చేసుకోవచ్చు. బ్లీచింగు అప్పు, కార్మికుల జీతాల అప్పు ముందు తీరాలా, కరెంటు అప్పు ముందు తీరాలా అన్నది పాలకవర్గం తేల్చవలసిన విషయం. అప్పు చేసి ఊరికి పని చేయించిన సర్పంచులు ఆ తర్వాత ఎక్కిన గుమ్మాలు, దిగిన గుమ్మాలు నాకు తెలుసు. వాళ్ళకు ఆంధ్రలో నెలకు ఇచ్చే గౌరవ వేతనం 3,000 రూపాయలు.

పట్టణాల గురించి క్లుప్తంగా చెబుతాను గానీ, అక్కడ జరిగినది ఇంకా తీవ్రమైనది. 2020 మేలో కేంద్రం రాష్ట్రాల అప్పు పరిమితిని స్థూల ఉత్పత్తిలో 3 శాతం నుంచి 5 శాతానికి పెంచుతూ, ఆ పెంపులో కొంత భాగాన్ని సంస్కరణలకు ముడిపెట్టింది. వాటిలో ఒకటి పట్టణాల ఆస్తిపన్నును భూముల ప్రభుత్వ విలువకు అనుసంధానించడం, నీటికి, మురుగునీటికి రుసుములు నిర్ణయించడం. ఆంధ్రప్రదేశ్, మధ్యప్రదేశ్ మొదట ఈ షరతు పూర్తిచేశాయి. దానికి ప్రతిఫలంగా ఆంధ్రప్రదేశ్‌కు 2,525 కోట్లు, తర్వాత వచ్చిన తెలంగాణకు 2,508 కోట్లు అదనపు అప్పుకు అనుమతి వచ్చింది. 2020 నవంబరు నాటి 198వ నంబరు జీవో ఆస్తి మూలధన విలువ మీద పన్ను విధానం తెచ్చింది. అద్దె విలువ పద్ధతి కన్నా ఈ పద్ధతి మంచిదా కాదా అన్నది వేరే చర్చ, దానికి గట్టి సమర్థనలు ఉన్నాయి. నా అభ్యంతరం ఒక్కటే. పన్ను వేసే హక్కు కౌన్సిల్‌ది, అది నగర పాలనకు ప్రాణం. ఆ పన్ను మార్పు జరిగిన రోజున ఆంధ్రలో కౌన్సిళ్ళే లేవు. అప్పు తీసుకున్నది రాష్ట్రం, హామీగా పెట్టింది విజయవాడ, కర్నూలు ఇళ్ళవాళ్ళ ఆస్తిపన్ను, అడిగే అవకాశం ఉన్న కార్పొరేటరు ఒక్కడూ లేడు.

హైదరాబాదులో ఇదే పని తిరగేసి జరిగింది. 2020 దీపావళి రోజున, బల్దియా, అంటే నగరపాలక సంస్థ, ఎన్నికల ప్రకటనకు మూడు రోజుల ముందు, నగరంలో ఏడాదికి 15,000 రూపాయల లోపు, మిగతా పట్టణాలలో 10,000 లోపు ఆస్తిపన్ను కట్టేవారికి సగం మినహాయింపును రాష్ట్ర మంత్రి ప్రకటించారు. లాక్‌డౌన్‌లో దెబ్బతిన్న కుటుంబాలకు అది నిజమైన ఊరటే, అక్టోబరు వరదల తర్వాత మరీను. కానీ నగరపాలక సంస్థ తన రాబడిని ఎంత వదులుకోగలదు, వదులుకుంటే నాలాల పూడికతీతకు ఎంత తగ్గుతుంది అని లెక్కవేసి కౌన్సిల్ తీసుకోవలసిన నిర్ణయం అది. ఆ తర్వాత గెలిచిన కొత్త కౌన్సిల్ తొలి సర్వసభ్య సమావేశం 2021 జూన్ 29న ఆన్‌లైన్‌లో జరిగింది. 5,600 కోట్ల బడ్జెట్‌కు ఆ తెరల మీదే ఆమోదం లభించింది, అప్పటికి ఆర్థిక సంవత్సరంలో మూడు నెలలు గడిచాయి. నూట యాభై మంది కార్పొరేటర్లు ఉన్న నగరంలో ఎంతమందికి నోరు విప్పే అవకాశం వచ్చి ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఈ వాదనకు ఎదురు చెప్పేవాళ్ళు చెప్పేది నాకు తెలుసు. సర్పంచులు మాత్రం తినరా అంటారు. తినేవాళ్ళున్నారు, వాళ్ళ వోచర్లు తిరగేసిన చేతులు నావి. ఊళ్ళో కక్షలు, కులాలు, పార్టీలు అన్నీ పంచాయతీ బల్ల మీదికి వస్తాయి. అయినా ఆ ఊళ్ళో తినేవాడెవడో అందరికీ తెలుసు, మళ్ళీ ఎన్నికల్లో వాడు ఆ వీధిలోకే వచ్చి ఓటడగాలి. అధికారి బదిలీ అయిపోతే ఎవరినీ అడగడానికి లేదు. రెండోది, మహమ్మారిలో ఎన్నికలు పెడితే మనుషులు చచ్చిపోతారన్న అభ్యంతరం. ఇది చాలా బరువైన అభ్యంతరం. 2021 ఏప్రిల్‌లో ఉత్తరప్రదేశ్ పంచాయతీ ఎన్నికల డ్యూటీకి వెళ్ళిన ఉపాధ్యాయులు ఎందరో చనిపోయారు. మన దగ్గర పరిషత్ పోలింగు ఏప్రిల్ 8న, ఉధృతి పెరుగుతున్న వేళే జరిగింది. వాయిదా వేయవలసిన సమయాలు ఉంటాయి, సందేహం లేదు. అలాంటప్పుడు ఏం చేయాలో కూడా ఉదాహరణలు ఉన్నాయి. జార్ఖండ్‌లో గడువు తీరిన ముఖియాల, అంటే అక్కడి సర్పంచుల, ఆధ్వర్యంలోనే కార్యనిర్వాహక కమిటీలు వేశారు. కోల్‌కతాలో 2020 మేలో గడువు తీరినప్పుడు పాత మేయరునే పాలక మండలికి అధ్యక్షుణ్ణి చేశారు. వాటిలో పాలక పార్టీకి అనుకూలమైన వాసన లేకపోలేదు, అందుకే అందులో అన్ని వార్డుల పాత సభ్యులకూ, ఓడినవారికీ చోటుండాలి. అయినా ఊరి ముఖం తెలిసిన పదిమంది కూర్చోవడం, ఒక్క అధికారి సంతకం కన్నా మేలు.

గ్రామసభల మాట కూడా ఇందులో భాగమే. గుంపులు కూడవద్దని గ్రామసభలు ఆపేశారు. 2020 మే 4న మద్యం దుకాణాలు తెరిచినప్పుడు గీసిన గీతల్లో వందలాది మంది నిలబడ్డారు. బడి మైదానంలో వార్డుకొక పూట చొప్పున, మనిషికీ మనిషికీ నాలుగు గజాల దూరంలో కుర్చీలు వేసి సభ పెట్టడం అసాధ్యమేమీ కాదు. పద్దు చదివి వినిపించి, ఏది ఆపుదామని అడిగితే చాలు. మా కార్యదర్శి అమ్మాయి ఆ పని చేయడానికి సిద్ధంగా ఉంది, ఆదేశం రాలేదు గనుక ఆగిపోయింది.

కాబట్టి నేను కోరేవి కొన్నే. విపత్తు ప్రకటించిన రోజునుంచి పదిహేను రోజుల్లో ప్రతి పంచాయతీ, మునిసిపాలిటీ సవరించిన బడ్జెట్ వేసుకునేందుకు పంచాయతీరాజ్ చట్టంలో ఒక నిబంధన ఉండాలి. పాలకవర్గం లేకపోతే పాత సభ్యుల కమిటీ ఆ పని చేయాలి. జనాభాను బట్టి లెక్కగట్టిన అత్యవసర నిధి, ఏ పనికీ ముడిపెట్టనిది, జిల్లాలో ఆగకుండా నేరుగా పంచాయతీ ఖాతాకు చేరాలి. విపత్తు నిర్వహణ చట్టంలోని 41వ సెక్షనులో విధుల పక్కనే ఆ నిధి ప్రస్తావన ఉండాలి. అత్యవసర కొనుగోళ్ళకు కారణం రాసిన తీర్మానమే చాలునని, కొటేషన్ల గురించి అడగబోమని ఆడిట్ శాఖ ముందుగానే రాతపూర్వకంగా చెప్పాలి. ఆ తీర్మానాలనూ వోచర్లనూ మూడు నెలల్లోపు గ్రామసభలో చదవాలి. కరెంటు బకాయి అయినా, మరేదైనా, పాలకవర్గం తీర్మానం లేకుండా పంచాయతీ ఖాతాలోంచి పైవాళ్ళు రూపాయి కూడా మళ్ళించడానికి వీల్లేకుండా చేయాలి.

ఇవి ఇప్పుడే అడగడానికి కారణం ఉంది. తెలంగాణలో 2024 ఫిబ్రవరి మొదట్లో పాలకవర్గాల గడువు తీరితే, మళ్ళీ ఎన్నికలు జరిగింది 2025 డిసెంబరులో. మధ్యలో దాదాపు రెండేళ్ళు ప్రత్యేకాధికారులే ఉన్నారు, ఆర్థిక సంఘం నిధులు మళ్ళీ ఆగాయి. ఆంధ్రలో 2021లో ప్రమాణం చేసిన సర్పంచులకు ఐదేళ్ళు 2026 ఏప్రిల్‌తో నిండుతాయి. గడువులోగా ఎన్నికలు పెట్టాలని రాసి ఉన్న అధికరణానికి మన రెండు రాష్ట్రాలూ ఇచ్చిన విలువ ఎంతో పుస్తకాలు చూసినవాడిగా నాకు తెలుసు. అందుకే ఎన్నికల తేదీలను ఎంత గట్టిగా అడుగుతామో, ఆ మధ్యకాలంలో పద్దు ఎవరి చేతిలో ఉంటుందన్నది కూడా అంతే గట్టిగా అడగాలని పంచాయతీ సభ్యుల సంఘాలకూ, మా శాఖలో ఇంకా పనిచేస్తున్న మిత్రులకూ నా విన్నపం.